ఎడమవైపు ప్యానెల్

నేను కట్టింది ఏ పనీ చేయదు. ఈ మాట నేనే ముందు చెప్పేస్తే మేలు, ఎందుకంటే మా ఆఫీసులో అందరూ నా మొహం మీదే అన్నారు. కాస్త మర్యాద ఉన్నవాళ్ళు నా వెనక అన్నారు.

మాది పటాలు తయారుచేసే సంస్థ. దారులు, వాగులు, ఊళ్ళు, మిట్టలు అన్నీ కంప్యూటర్లో గీసి, షీట్లుగా విడగొట్టి, అంబులెన్సులు నడిపేవాళ్ళ దగ్గర్నుంచి నీళ్ళ గొట్టాలు వేసేవాళ్ళ దాకా అడిగినవాళ్ళకి ఇస్తాం. దీనికి ఒక పాత ప్రోగ్రామ్ ఉండేది. అందులో అన్నీ కలగాపులగమే. రోడ్డు రంగు మార్చబోతే వాగు మాయమయ్యేది, వాగుని వెనక్కి తెచ్చేసరికి ఊళ్ళ పేర్లు తలకిందులయ్యేవి. దాన్ని తీసేసి కొత్తది కట్టమని మేనేజర్ గారు నాకు అప్పగించారు.

నేను కట్టింది ఒక ఖాళీ చట్రం. తెరిస్తే బోడి విండో వస్తుంది. పైన మెనూకి చోటు, పక్కల్లో ప్యానెళ్ళకి చోటు, మధ్యలో పటానికి చోటు, అంతే. అసలు పనులన్నీ ప్లగిన్లనే విడివిడి చిన్న ప్రోగ్రాములు చేస్తాయి. ప్లగిన్ వచ్చి తన పేరు చెప్పుకోవాలి, తనకేం కావాలో అడగాలి, చట్రం చూపించిన చోట కూర్చోవాలి. పక్కదాని జోలికి పోకూడదు. ఒకటి కూలిపోతే అదొక్కటే కూలాలి, మిగతావాటికి ఆ సంగతే తెలియకూడదు. వినడానికి తేలికగా ఉంటుంది. దీన్ని నిలబెట్టేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది.

కోడ్ రాయడం ఒక ఎత్తు, మనుషులతో వేగడం ఇంకో ఎత్తు. ఎవరి ప్లగిన్‌తో వాళ్ళని పిలవడం మాకు అలవాటైపోయింది. రోడ్లావిడకి తన బటన్ మెనూలో అందరికంటే ముందుండాలి. నీళ్ళాయనకి తన ప్యానెల్ విండోలో సగం ఉండాలి, వాగులు పొడుగ్గా ఉంటాయి కాబట్టట. నేను ఎవరి మాటా వినలేదు. రూలు అంటే అందరికీ ఒకటే రూలు. నాకు ముక్కు మీద కోపమని పేరు ఎలాగూ ఉంది, ఆ పేరుని పనికి వాడుకున్నాను.

వీళ్ళిద్దరూ ఒక ఎత్తయితే పేర్లాయన ఒక్కడే ఒక ఎత్తు. పేర్లాయన మా బావ. మా అక్క మొగుడు. అక్క పెళ్ళినాటికి నేను జడకి రిబ్బన్లు కట్టుకునే వయసులో ఉన్నాను. నాకు సైకిల్ నేర్పిందీ, పడినప్పుడల్లా నవ్విందీ ఆయనే. ఇప్పుడు నా జుట్టు నెరుస్తున్నా ‘మరదలు పిల్లా’ అనే పిలుస్తాడు, అదీ అందరూ వినేలా.

ప్రతి షీటునీ చివరిసారి చూసే పని బావది. ఊళ్ళ పేర్లని ప్లగిన్ తనంతట తానే పటం మీద పెడుతుంది. ఇరుకైన చోట పెట్టలేక కొన్నిటిని వదిలేస్తుంది. అలా వదిలేసినవి ఒక ప్యానెల్లో ఎర్రగా కనిపిస్తాయి. బావ వాటిని ఒక్కొక్కటే తీసి చేత్తో సర్దాలి. తర్వాత పటమంతా కళ్ళతో ఒకసారి తిరగాలి. ఈ పనిలో ఆయన్ని మించినవాడు మా దగ్గర లేడు. ఆయన సంతకం పడిన షీటుని ఇంకెవరూ మళ్ళీ చూసేవాళ్ళు కాదు.

పాత ప్రోగ్రామ్‌లో ఆ ప్యానెల్ కుడివైపు ఉండేది. నేను ఎడమవైపు పెట్టాను. చదవడం ఎడమ నుంచే కదా మొదలుపెడతాం అని నా లెక్క.

“మరదలు పిల్లా, దాన్ని కుడివైపుకి మార్చు,” అన్నాడు బావ మొదటి వారమే.

“ఎందుకు?”

“అక్కడైతే కనపడుతుంది.”

“ఇక్కడ కనపడదా? అలవాటు చేసుకో బావా. అందరూ చేసుకోవట్లేదా?”

“ఏ పనీ చేయని కిటికీ కట్టావు, అదైనా తిన్నగా కట్టొచ్చుగా,” అని పక్క గదికి వినిపించేలా అన్నాడు. నీళ్ళాయన నవ్వాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. మార్చలేదు.

అక్కడితో ఆగలేదు. ప్యానెల్ మాయమవుతోందని చెప్పడం మొదలుపెట్టాడు. పొద్దున బాగానే ఉంటుందట, భోజనం చేసి వచ్చాక ఉండదట. ఇలాంటి బగ్ ప్రోగ్రామర్లకి పంటికింద రాయి. ఎప్పుడూ వచ్చేదాన్ని పట్టుకోవచ్చు. మధ్యాహ్నం పూట మాత్రమే వచ్చేదాన్ని ఎక్కడని వెతకను? లాగ్ తీసి చూశాను. చట్రం ఏ ప్యానెల్‌ని ఎప్పుడు తెరిచిందో, ఎప్పుడు మూసిందో అందులో వరసగా ఉంటుంది. ప్యానెల్ పొద్దున తెరుచుకుంది, సాయంత్రం మూసుకుంది, మధ్యలో ఏమీ జరగలేదు. ఆయన కంప్యూటర్ మార్చాను. అదే ఫిర్యాదు. రోడ్లావిడని ఆయన కుర్చీలో కూర్చోబెట్టాను. ప్యానెల్ రాయిలా అక్కడే ఉంది.

“బావగారికి మాత్రమే కనపడని ప్యానెల్,” అని ఆవిడ టీ గదిలో అంటే అందరూ నవ్వారు. బావా నవ్వాడు. ఎడమ పక్కనున్న టీ గ్లాసుని చూసుకోక మోచేత్తో దొర్లించేశాడు కూడా. ఆ రోజు ఎడమ చెంప మీద గడ్డం అలాగే వదిలేసి వచ్చాడు. “అక్క అద్దం పగలగొట్టిందా ఏంటి?” అన్నాను. ఆయన చెంప తడుముకుని, “మీ అక్కకి ఈ చెంపంటే ఇష్టం లేదులే,” అన్నాడు. ఇలా మాటకి మాట అనుకోవడం మాకు ఎప్పుడూ ఉన్నదే కాబట్టి దాన్ని నేను అక్కడే మరిచిపోయాను.

ఇంతలో అసలు గొడవ వచ్చింది. పటాలు కొన్నవాళ్ళు ఒక కట్ట షీట్లు వెనక్కి పంపారు. వాటిలో ఎడమ అంచు పొడుగునా ఊళ్ళున్నాయి, పేర్లు లేవు. చుక్క ఉంటుంది, పేరుండదు. పేరు లేని ఊరికి అంబులెన్సు ఎలా పోవాలని వాళ్ళు అడిగారు. అడగరా మరి?

మేనేజర్ గారు గట్టిగా అరిచే మనిషి కాదు, అదే ఇబ్బంది. షీట్లు నా బల్ల మీద పరిచి నెమ్మదిగా అన్నారు. “ఎడమవైపు ప్యానెల్. ఎడమవైపు పేర్లు లేవు. ప్యానెల్ పటాన్ని కప్పేస్తోందేమో చూడండి.”

“కప్పదండీ. ప్యానెల్ తెరుచుకుంటే పటం పక్కకి జరుగుతుంది. ఆ సంగతి మొట్టమొదటే సరిచూశాను.”

“మీ చట్రం రాకముందు ఈ ఫిర్యాదు లేదు కదా. శుక్రవారం మీటింగులోగా కారణం దొరక్కపోతే పాత ప్రోగ్రామ్‌కి వెళ్ళిపోదాం. మనసులో ఏమీ పెట్టుకోకండి.”

ఎలా పెట్టుకోకుండా ఉంటాను? సెలవులు కూడా మానుకుని కట్టుకున్నదాన్ని చెత్తబుట్టలో వేస్తామని మెత్తగా చెబితే మెత్తగా ఉంటుందా? ఆ వారమంతా నేను మనిషిలా లేను. చట్రాన్ని విప్పి మళ్ళీ బిగించాను. ప్లగిన్లని ఒక్కొక్కటే పీకి చూశాను. వాటిని ముందువెనకలుగా ఎక్కించి చూశాను. ఎక్కడా ఏమీ లేదు. వెనక్కి వచ్చిన షీట్లన్నిటి మీదా బావ సంతకమే ఉందని అప్పుడే గమనించాను. సరాసరి ఆయన దగ్గరికి వెళ్ళి ఒంటికాలి మీద లేచాను.

“ప్యానెల్ కనపడట్లేదని చెప్పి చూడకుండానే సంతకం పెట్టేస్తున్నావా బావా?”

“పటమంతా చూశాకే పెట్టాను. అంచు నుంచి అంచుదాకా.”

“మరి ఇవేంటి? ప్యానెల్ ఉందని లాగ్ చెబుతోంది. లాగ్ అబద్ధం చెప్పదు.”

“అయితే నేను చెబుతున్నానా?”

నేను నోరు మూసుకుని ఉండాల్సింది. “ఏమో,” అన్నాను.

ఆయన లేచి వెళ్ళిపోయాడు. తలుపు దాటుతూ ఎడమ భుజం ద్వారబంధానికి కొట్టుకున్నాడు. అది కోపం వల్లే అనుకున్నాను. సాయంత్రం అక్క ఫోన్ చేసింది. అక్క ఒక బడిలో లైబ్రరీ చూస్తుంది, గొంతు పెంచడం ఎరగదు. “మీ బావని అబద్ధాలకోరు అన్నావట. ఆ మనిషి అన్నం సగం వదిలేసి లేచాడే,” అంది. ఆ తర్వాత బావా నేనూ మాట్లాడుకోలేదు. మేము మాట్లాడుకోకుండా ఉండటం నాకు తెలిసి అదే మొదలు.

గురువారానికి నా దగ్గర కారణం లేదు, ఒక కొత్త ఏర్పాటు మాత్రం ఉంది. ప్యానెల్‌ని మౌస్‌తో పట్టుకుని ఏ పక్కకి కావాలంటే ఆ పక్కకి లాక్కోవచ్చు. ఎప్పటి నుంచో చేయాలని వాయిదా వేసుకున్న పని అది. బగ్ దొరకదు సరే, కనీసం ఈయన గోలైనా వదులుతుంది, మాటలు కూడా కలుస్తాయి అనుకున్నాను. మధ్యాహ్నం భోజనాలయ్యాక కుర్చీ లాక్కుని వెళ్ళి బావ ఎడమ పక్కన కూర్చున్నాను.

ఆయన పలకలేదు. తెర వైపే చూస్తూ ఉండిపోయాడు. బల్ల మీద టిఫిన్ డబ్బా తెరిచే ఉంది, అందులో కుడి సగం ఖాళీ, ఎడమ సగంలో అన్నం కదపకుండా ఉంది. ఇంత కోపమా అని నాకూ పౌరుషం వచ్చి కాసేపు కూర్చున్నాను. చివరికి నేనే తగ్గి, “బావా,” అన్నాను.

ఆయన ఉలిక్కిపడి ఇటు తిరిగాడు. “ఎప్పుడొచ్చావ్?”

“ఇందాకే. వేళాకోళం చాలు. ప్యానెల్ ఉందా, లేదా?”

“లేదు.”

ప్యానెల్ అక్కడే ఉంది. బెత్తెడు వెడల్పున, తెర పొడుగునా, లోపల ఎర్రగా పేర్లు. వేలు పెట్టి చూపించబోయి ఆగాను.

“ఎడమవైపు చూడు.”

“చూస్తూనే ఉన్నాను. పటమే ఉంది. నేను వేళాకోళం ఆడుతుంటే నువ్వు ఈపాటికి నవ్వుతూ ఉండేదానివి. ఆలోచించుకో.”

అది నిజం. ఆయన గొంతులో ఆట లేదు. విసుగుంది, దాని కింద కొంచెం భయం కూడా ఉంది. నేను మౌస్ అందుకున్నాను. “కనపడగానే చెప్పు,” అని, ప్యానెల్ పైఅంచు పట్టుకుని నెమ్మదిగా కుడివైపుకి లాగడం మొదలుపెట్టాను. అంచు వదిలింది. పటం మీదికి వచ్చింది. ఒక వాగు దాటింది, ఒక రోడ్డు దాటింది. బావ రెప్ప వేయకుండా చూస్తున్నాడు, చూస్తూ ఏమీ అనడం లేదు. ప్యానెల్ తెర నడిమికి వచ్చింది.

“ఆఁ, వచ్చింది,” అన్నాడు. “ఇదిగో. ఎక్కణ్ణుంచి తెచ్చావు?”

మళ్ళీ ఎడమకి జరిపాను.

“పోయింది. చూశావా? ఇన్నాళ్ళుగా నేను మొత్తుకుంటోంది ఇదే.”

ఇంకోసారి తెచ్చాను. నడిమికి రాగానే వచ్చిందన్నాడు. నడిమి దాటగానే పోయిందన్నాడు. గెలిచినట్టుగా నా వైపు తిరిగాడు, బగ్ నా కళ్ళముందే పట్టించాడు కదా. టీ గ్లాసు, గడ్డం, తలుపు, టిఫిన్ డబ్బా అన్నీ ఒక్కసారి కళ్ళముందుకొచ్చాయి. అన్నీ ఎడమ పక్కవే. వారం రోజులుగా తప్పు నా చట్రంలో లేదని చూపించడానికి తల బద్దలు కొట్టుకున్నాను. ఇప్పుడు నాకు తప్పు కావాలి. నేను రాసిన వరసల్లో ఎక్కడో ఒక తెలివితక్కువ పొరపాటు ఉండాలి, అందరిముందూ తల దించుకుంటాను, పాత ప్రోగ్రామ్‌కి వెళ్ళిపోదాం, కాని తప్పు నాదే అయి ఉండాలి. అంత గట్టిగా నేను ఏదీ కోరుకోలేదు.

“బావా, స్కూటర్ తాళాలు ఇలా ఇవ్వు,” అన్నాను.

“ఎందుకు?”

“ఇవ్వు.”

ఆ పొద్దున కూడా అక్కని వెనక కూర్చోబెట్టుకుని బడి దగ్గర దింపి వచ్చాడు.

ఆస్పత్రిలో డాక్టరమ్మ ఆయన్ని ఒక గడియారం గీయమంది. బావ గుండ్రంగా గీత గీసి, అంకెలన్నీ కుడి సగంలోనే ఇరికించి, బాగుందా అన్నట్టు చూశాడు. అక్క కాగితం వైపు చూసి నా చెయ్యి పట్టుకుంది. తలలో కుడివైపు చిన్న రక్తనాళంలో అడ్డు పడిందని తర్వాత చెప్పారు. కళ్ళు బాగానే ఉన్నాయి. బుర్ర ఎడమవైపు సంగతులు పట్టించుకోవడం మానేసింది, మానేశానని ఆయనకి చెప్పడం కూడా మానేసింది. అలసట ఎక్కువైనప్పుడు ఇది ఇంకా ముదురుతుందట, అందుకే ఆ మధ్యాహ్నాల మాయ. ఇది చిన్నది, దీని వెనక పెద్దది రాకముందే వచ్చారు అంది డాక్టరమ్మ. పెద్దదంటే ఏంటని మేము అడగలేదు.

శుక్రవారం పొద్దున మంచం పక్కన నిలబడి నీళ్ళు నములుతుంటే బావే అన్నాడు. “మీటింగుంది కదా, పో. పోయి చెప్పెయ్.”

“ఏమని?”

“నీ కిటికీలో తప్పు లేదని. నేను సంతకం పెట్టిన షీట్లన్నీ మళ్ళీ చూడాలని. అంబులెన్సులు తిరిగే పటాలవి, మొహమాటపడే పని కాదు.” దుప్పటి లాక్కుని, “నన్ను నలుగురిలో గెలవాలని చిన్నప్పటి నుంచి సరదా కదా నీకు. వెళ్ళు,” అన్నాడు. నేను వరండాలోకి వచ్చి ఏడ్చాను.

మీటింగులో ఉన్నది ఉన్నట్టు చెప్పాను. రోడ్లావిడ టీ గదిలో తనన్న మాట గుర్తొచ్చిందేమో, తల వంచుకుని బల్ల చూస్తూ కూర్చుంది. పాత షీట్లు తీసి చూస్తే పాత ప్రోగ్రామ్‌లో చేసినవాటిలో కూడా, చివర్లో, ఎడమ అంచున ఒకటీ అరా పేర్లు లేవు. అప్పుడు ప్యానెల్ కుడివైపు ఉండబట్టి కొంత కాచింది. నేను ఎడమకి మార్చాక సంగతి బయటపడింది. చట్రం ఉండిపోయింది. మేనేజర్ గారు నా చేతులు పట్టుకుని అభినందించారు. ఇంటికెళ్ళాక ఆ మాట ఎవరికీ చెప్పబుద్ధి కాలేదు.

బావకి మందులతో పాటు ఒక అభ్యాసం చెప్పారు. ఏది చూసినా ముందు ఎడమ అంచు వెతుక్కోవాలి. దానికి గుర్తుగా అక్క ఇంట్లో అన్నిటికీ ఎడమవైపు ఎర్ర టేపు అంటించింది. కంచానికి, పేపరుకి, తలుపుకి, అద్దానికి. టేపు కనపడేదాకా తల తిప్పుతూ ఉండాలి. కనపడ్డాకే పని మొదలు. ఒక ఆదివారం వెళ్ళినప్పుడు చూస్తే, బావ కంచం ముందు కూర్చుని తల ఎడమకి తిప్పుతున్నాడు, ఇంకా తిప్పుతున్నాడు, టేపు దొరకగానే చిన్నగా ‘ఉఁ’ అనుకుని ముద్ద కలిపాడు. ఏడవకుండా ఉండటానికి నేను మంచినీళ్ళు తాగాను.

మర్నాడు ఆఫీసుకెళ్ళి ఒక ప్లగిన్ రాశాను. మా దగ్గరున్న ప్లగిన్లన్నిటిలోకీ అదే చిన్నది. విండో ఎడమ అంచున, పైనుంచి కిందిదాకా, వేలెడు మందాన ఒక ఎర్ర గీత. అంతే. మెనూ అడగదు, ప్యానెల్ అడగదు. చట్రంలో ఒక్క వరస కూడా మార్చకుండానే వచ్చి తన చోట కూర్చుంది.

బావ తిరిగి ఉద్యోగంలో చేరినప్పుడు, ఆయన చూసిన ప్రతి షీటునీ రోడ్లావిడ ఇంకోసారి చూడాలన్నది షరతు. ఆ షరతు పెట్టింది ఆయనే. రోజూ ఆఫీసుకి బస్సులో వస్తున్నాడు. మొదటి రోజు కుర్చీ వేసుకుని పక్కన కూర్చున్నాను, ఈసారి కుడి పక్కన. చట్రం తెరిచి, ఏదో ఒక షీటు పెట్టాను.

బావ తల ఎడమకి తిప్పాడు. ఇంకొంచెం తిప్పాడు. ఆగాడు.

“ఈ ఎర్ర గీత కొత్తదా?”

“కొత్తదే.”

“ఏం చేస్తుంది?”

“ఏమీ చేయదు బావా. ఉంటుంది.”

నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. గీతని పైనుంచి కిందిదాకా చూసి, అక్కణ్ణుంచి నెమ్మదిగా పటం మీదికి వచ్చాడు. వచ్చీ రాగానే కనుబొమలు ముడిచాడు.

“అంచున ఇన్ని ఊళ్ళున్నాయి, ఒక్కదానికీ పేరు లేదేంటి? ఈ షీటు చివరిసారి ఎవరు చూశారు?”

నేను కావాలని పెట్టలేదు, వెనక్కి వచ్చిన కట్టలో ఇంకా సర్దనిది ఒకటి చేతికొచ్చింది. మాట మార్చేద్దామనుకున్నాను. ఆయన నా వైపు తిరిగి జవాబు కోసం ఆగాడు.

“నువ్వే,” అన్నాను.

ఆయన మళ్ళీ పటం వైపు తిరిగాడు. చుక్కల్ని ఒక్కొక్కటే చూసుకుంటూ కిందిదాకా వెళ్ళాడు, పైకి వచ్చాడు. పక్క గదిలో నీళ్ళాయన ఎవరితోనో ఫోన్లో మాట్లాడుతున్నాడు.

“మౌస్ ఇలా ఇవ్వు మరదలు పిల్లా,” అన్నాడు చివరికి. గీత పక్కనున్న మొదటి ఊరి నుంచి పేర్లు పెట్టడం మొదలుపెట్టాడు.